పైట చెంగు, సోల్డరింగ్ వైరు

జూన్ పన్నెండో తేదీ, శుక్రవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నా కోడలు పాప రక్తపరీక్ష కాగితం పట్టుకుని ఇంట్లోకి వచ్చింది. రక్తంలో సీసం ఉందట. నా మనవరాలికి పద్నాలుగో నెల నిండేసరికి నాలుగు మాటలు వచ్చాయి. పంతొమ్మిదో నెలలోనూ నాలుగే. అందుకే డాక్టరు ఆ పరీక్ష రాశాడు.

"ఇంట్లో సీసం పని ఏమన్నా ఉండాదా అని అడిగినారత్తా. లేదని చెప్పినా."

నేనూ లేదనే అన్నాను. అని, నా పని బల్ల దగ్గరికి వెళ్లాను. బెంగళూరు పక్క జిగణి ఫ్యాక్టరీ నుంచి వచ్చే బల్బు బోర్డులకు ఆరేళ్లుగా ఇంట్లోనే వైరు కరిగించి అతికే సోల్డరింగ్ పని చేస్తున్నాను. వైరు రీలు మీద ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంది: తగరం అరవై, సీసం నలభై. ముప్పై ఒక్క రీళ్లు వాడాను. ప్రతి రీలు విప్పిన తేదీ రాసిపెట్టుకున్నాను. మాకు సీసమంటే పాత బ్యాటరీల్లో ఉండేది. ఇది వట్టి వైరనే అనుకున్నాను.

కూర్చోలేకపోయాను. వంటింటికీ బల్లకీ మధ్య తిరిగాను. చేతులు కడిగాను, మళ్లీ కడిగాను.

"రవ్వంత కూర్చో అత్తా. నువ్వు తిరగతా ఉంటే నాకు తల తిరగతా ఉండాది."

అప్పుడు చెప్పాను. రెండు చేతులూ పనిలో ఉంటాయని వైరు పళ్లతో పట్టుకుంటాను. నల్లబడ్డ వేళ్లు పైట చెంగుకు తుడుచుకుంటాను. మధ్యాహ్నం పాప ఆ చెంగే నోట్లో పెట్టుకుని చీకుతూ నా ఒళ్లో నిద్రపోతుంది.

కోడలు గోడమీది క్యాలెండర్ వైపు చూసింది.

"పాలాయన రాని దినం కూడా క్యాలెండర్లో గుర్తు పెడతావే. ఇది కనబడలేదా నీకు?"

ఆ మధ్యాహ్నానికే బోర్డులు వెనక్కి పంపేశాను. నేల తడిగుడ్డతో ఐదుసార్లు తుడిచాను. కొత్త తువ్వాలు ఇస్తే పాప విసిరేసి, నా భుజం మీద చెంగు కోసం వెతికింది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. పాప బయట నలభై నిమిషాలు ఏడ్చింది. గడియారం చూస్తూ నిలబడ్డాను.

ఇవాళ జూలై ఇరవై. రెండో పరీక్షలో సీసం కొంత తగ్గింది. మాటల సంగతి ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. పాపను కోడలే నిద్రపుచ్చుతోంది.

పోయినవి: పనిలో కట్టిన చీరలు తొమ్మిది. బల్ల ఒకటి. నా ఒళ్లో పాప నిద్ర, ముప్పై ఎనిమిది మధ్యాహ్నాలు. ఈ నెలల్లో రావలసిన మాటలు, ఎన్నో తెలియదు. ఐదోది ఇంకా రాలేదు.