తొందరపడి వచ్చిన జవాబు

ఆమె సిటీ బస్సుల్లో టికెట్ చెకింగ్ ఉద్యోగంలో చేరి ఇరవై రెండేళ్లయింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. డిపోలో ఎదురుగా మేడమ్ అనేవాళ్లు, చాటుగా డేగ అనేవాళ్లు. టికెట్ లేనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడనీ, పాత టికెట్ దాచినవాడు అడక్కముందే చెయ్యి చాపుతాడనీ ఆమెకు తెలుసు. ఇంటికొచ్చినా ఆ చూపు దిగేది కాదు. పాలు చిక్కగా ఉంటే పిండి కలిపారనేది, పలచగా ఉంటే నీళ్లనేది.

ఆమె మేడమీద ఉండేది. కింద చెల్లెలి కాపురం. చెల్లెలి మొగుడిది ఊళ్లు తిరిగే ఉద్యోగం. చెల్లెలు ఉద్యోగస్తుల పిల్లల్ని పగలంతా చూసుకునే క్రెష్‌లో పనిచేస్తుంది. ఆరేళ్ల కూతుర్ని అందరూ పిచ్చుక అంటారు.

పిచ్చుకకు జ్వరం పట్టుకుంది. కడుపునొప్పి, వాంతులు. వీధి చివర క్లినిక్కులో ఏదో తిన్నది పడలేదని మందులిచ్చారు. డేగ ఆ మాట నమ్మలేదు. ముందు బడి దగ్గర ఐసు బండిని అనుమానించింది. తర్వాత గోడకు కొత్తగా వేసిన రంగును ముక్కు ఆనించి వాసన చూసింది.

"నువ్వు గోడను వదిలేస్తే పిల్లకు గంజి పట్టిద్దాం అక్కా" అంది చెల్లెలు.

నాలుగో రోజు పొద్దున పిల్ల కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కానీ పుసి లేదు. పెదాలు ఎర్రగా పగిలాయి, పొట్టమీద దద్దుర్లు లేచాయి.

"కడుపు పాడైతే కళ్లెందుకు ఎర్రబడతాయే? పద, పెద్దాసుపత్రికి" అంటూ ఆమె పిల్లను భుజాన వేసుకుంది.

అక్కడ పిల్లల డాక్టరమ్మ బీపీ చూసి మొహం మార్చింది. వెంటనే రక్తం తీయించింది. "ఈ నెలా నెలన్నరలో ఇంట్లో ఎవరికైనా జ్వరం, జలుబు వచ్చాయా?"

"లేదండీ, ఎవరికీ రాలేదు" అంది చెల్లెలు. డాక్టరమ్మ మాట పూర్తికాకముందే అనేసింది.

డేగ తలతిప్పి చూసింది. చెల్లెలు కిటికీ వైపు చూస్తోంది.

"నిజం చెప్పు."

"ఏంటక్కా, నన్నూ అనుమానిస్తావా?"

"అనుమానిస్తా. పిల్ల నా చేతుల్లో వడలిపోతోంది. చెప్పు."

చెల్లెలు ఏడ్చేసింది. నాలుగు వారాల కిందట, అక్క రాత్రి డ్యూటీల్లో ఉన్నప్పుడు, తనకూ పిల్లకూ రెండ్రోజులు జ్వరం, దగ్గు వచ్చాయి. పరీక్ష చేయిస్తే వైరస్ ఉందన్నారు. క్రెష్‌లో తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. అక్కకు కూడా.

"ఇది చాలా పనికొచ్చే మాట" అంది డాక్టరమ్మ. "వైరస్ అప్పుడే పోయిందమ్మా. దాన్ని తరమడానికి లేచిన రక్షణశక్తి చల్లారక, పిల్ల ఒంటి మీదే పడింది. గుండెకు కూడా వాపు వచ్చి ఉండొచ్చు, స్కాన్ తీద్దాం. అరుదైన జబ్బే, కానీ మందులున్నాయి."

స్కాన్‌లో గుండె కాస్త బలహీనంగా ఉందని తేలింది. సెలైన్‌లా ఎక్కించే మందు, స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. ప్రతి సీసా మీదా పేరు, తేదీ డేగ రెండుసార్లు చదివేది. నర్సులు విసుక్కోవడం మానేసి, తామే ముందుగా చూపించడం మొదలుపెట్టారు. మూడోరోజుకు జ్వరం దిగింది. పిల్ల లేచి కూర్చుని బిస్కెట్ అడిగింది.

ఆ సాయంత్రం వరండాలో ఆమె డాక్టరమ్మను ఆపింది. "తప్పెవరిదండీ?"

"ఎవరిదీ కాదు. వైరస్ వచ్చిన పిల్లల్లో ఏ కొందరికో ఇలా అవుతుంది. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు. అప్పుడే అందరికీ చెప్పి ఉన్నా ఇది ఆగేది కాదు."

తప్పు ఎవరిదీ కాదన్న మాట ఆమెకు గొంతు దిగలేదు. ఇరవై రెండేళ్లలో అలాంటి బస్సు ఆమె ఒక్కటీ ఎక్కలేదు. చెల్లెలు మంచం పక్కన పిల్ల కాళ్లు నిమురుతూ కూర్చునుంది. డేగ వెళ్లి ఆమె పక్కనే కూర్చుంది.

"అందరిముందూ దొంగను నిలదీసినట్టు నిలదీశావక్కా" అంది చెల్లెలు మెల్లగా.

"అవును."

"నువ్వడక్కపోతే చెప్పేదాన్ని కాదు."

"నాకు ముందే చెప్పాలనిపించలేదా?"

"నీ చూపుకు భయపడ్డా."

డేగ పిల్ల దుప్పటి సర్దింది. "పిల్ల ఇంటికొచ్చాక క్రెష్‌కు నేనూ వస్తా. నువ్వే చెబుదువుగాని, నేను పక్కన నిలబడతా" అంది. చెల్లెలు ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు.

రెండు నెలల తర్వాత స్కాన్‌లో గుండె మామూలుగా ఉందన్నారు. పరుగులు మాత్రం ఇంకొన్నాళ్లు వద్దన్నారు. పిచ్చుక మెట్లమీద ఒక్కొక్క అడుగే వేస్తూ, పెద్దమ్మకు వినపడేలా గట్టిగా లెక్కపెడుతూ దిగుతోంది.