తనదంటూ చోటు లేని ఆటగాడు

అబుదాబి నుంచి దుబాయ్ వెళ్ళే బస్సు ఎక్కినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు. కరోనా తగ్గాక రెండేళ్ళకనుకుంటాను. అవతలి వరుసలో కూర్చుని ఫోన్లో తెలుగు మాట్లాడుతున్నాడు. ఒళ్ళో సంచీ నిండా తోలు గ్లవుజులు, ఒక్కోటీ ఒక్కో తీరు. అవేమిటని అడిగాను.

“బేస్‌బాల్‌వి అక్కా. మాది నిజామాబాద్ దిక్కు. ఈడ టీమ్‌ల జీతమిచ్చి ఆడిపిచ్చిన్రు. నిన్ననే ఆఖరి మ్యాచ్. ఇగ ఖలాస్.”

ఏ స్థానంలో ఆడేవారని అడిగితే నవ్వాడు. ఎవరికి దెబ్బ తగిలితే వాళ్ళ చోట నిలబెట్టేవారట. ఇన్నేళ్ళూ అంతే, తనదంటూ ఒక చోటు లేదు.

“నిన్న కోచ్ అడిగిండు, నీకిష్టమున్న జాగ చెప్పు, ఆడ్నే ఆడిపిస్తా అని. మీ ఇష్టం సార్ అన్న.”

నేను అబుదాబి దగ్గరి బనియాస్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని. ఏ వార్డులో మనిషి తక్కువైతే అక్కడికి పంపేవారు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. “ఇప్పుడు అడిగితే ఏం చెబుతారండీ?” అన్నాను.

ఆయన సంచీలోంచి అన్నిటికంటే మందంగా ఉన్న గ్లవుజు తీసి చేతికి తొడుక్కున్నాడు.

“క్యాచర్ అక్కా. బ్యాట్ పట్టినోని ఎనక కూసుంటడు. టీమంతా ఆయన దిక్కే మొఖం పెట్టి నిలవడ్తది.”

దుబాయ్ వచ్చేదాకా ఆ గ్లవుజు తీయలేదు.

కొన్నాళ్ళకి మా హెడ్ నర్సు నన్ను పిలిచి, ఏ వార్డు కావాలని అడిగింది. మీ ఇష్టం అనబోయి ఆగాను. పిల్లల వార్డు కావాలన్నాను.