క్రీమ్ చీజ్ పరీక్ష

ఈ రోజు ఒక అబద్ధమాడి అడ్డంగా ఇరుక్కున్నాను.

కోరుట్లలో ఇంటి దగ్గరే కేకులు చేసి అమ్ముతాను కదా. మధ్యాహ్నం క్యారెట్ కేకు మీద క్రీమ్ చీజ్ పూస్తుంటే పక్కనున్న ఇబ్రహీంపట్నం నుంచి ఒకామె వచ్చింది. కేకు అడగలేదు. నా చేతులనే చూస్తూ, "అక్కా, గీ క్రీము ఎంతసేపు గిలకొట్టాలె?" అంది.

మా వీధిలో కొత్తగా కేకుల షాపు పెడుతున్నారు. వాళ్లు పంపిన మనిషే అనుకుని, "ఎంత కొడితే అంత గట్టిపడ్తది" అన్నాను. నిజానికి ఎక్కువ కొడితే నీళ్లయిపోతుంది.

ఆమె అక్కడే నిలబడి దుబాయ్‌లో ఉన్న భర్తకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి అదే అడిగింది.

"ఎక్కువ కొట్టద్దే, పల్చగైతది" అన్నాడాయన.

ఫోన్ పెట్టేసి మెట్ల మీద కూలబడింది. "అక్కడ కేకుల షాపుల పని అని చెప్పిండక్కా. వీడియో కాల్‌ల ఎప్పుడు రూము గోడనే చూపెడ్తడు. ఆయన్ని పంపిన ఏజెంటే పంపిన మా ఊరోళ్లు ఎడారిల ఒంటెలు కాస్తున్నరు."

"ఆయన చెప్పిందే నిజం చెల్లె. నేనే అబద్ధం చెప్పిన."

"ఇద్దరిల ఎవల్ని నమ్మాలె నేను?"

ఇక మాటలతో లాభం లేదని, మిగిలిన క్రీమంతా ఆమె ముందే నీళ్లయ్యేదాకా గిలకొట్టాను. గిన్నెలోకి చూసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ ఫోన్ చేసింది. "తిన్నవా?" అని మాత్రమే అడిగింది.

ఆమె వెళ్లాక క్రీము ఎలా చేయాలో, ఎలా చెడుతుందో మొత్తం చూపించేశానని తట్టింది. ఇంతకీ ఆమె ఆ కొత్త షాపు మనిషి కాదంటారా?