సాంచకు ప్రాణం లేదని రాసిన వారం

వారమంతా జగిత్యాలలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి, శనివారం జవాబు పత్రాలు దిద్ది, ఆదివారం కోరుట్ల బస్సెక్కి మళ్ళీ జీవులనే వర్గీకరించేదాన్ని. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఎవరూ బలవంతపెట్టలేదు. అలవాటైంది, అంతే.

కోరుట్లలో మా స్నేహితుడికి ఫొటో స్టూడియో ఉంది. దాని పైగదిలో నలుగురం కూర్చుని అతను కల్పించిన ఆట ఆడేవాళ్ళం. అతను కథ చెబుతాడు. అందులోని మనుషులమై మేం ఏం చేస్తామో చెబుతాం. చేయగలిగామా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఆ లోకంలో మంత్రాలూ ఉంటాయి, రాకెట్లూ ఉంటాయి. వింత జీవులకైతే అంతే లేదు. వాటిని జంతువు, ఆత్మ, యంత్రం అని మూడు కట్టలుగా విడదీసే పని, సైన్సు టీచరునని నా నెత్తిన పడింది. ఆ తేడా చిన్నది కాదు. మా ఆటలో మీదికి రాని ప్రాణిని చంపకూడదు. యంత్రాన్నయితే ఎవరైనా విప్పి సామాను పంచుకోవచ్చు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అంటారు గాని, నేను ప్రాణం ఉందో లేదో పెన్సిలుతో తేల్చేసేదాన్ని.

మా నలుగురిలో ఒకతను సిరిసిల్ల నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. ఇరవై ఏళ్ళుగా అతను ఒకే సాంచ మీద పనిచేస్తున్నాడు. షెడ్డు యజమాని దాన్ని పాత ఇనుము కింద అమ్మేయబోతున్నాడు. ఆ వారమే అతను ఆటకోసం ఒక జీవిని రాసుకొచ్చాడు. పాడుబడ్డ గ్రహం మీద ఒంటరిగా గుడ్డ నేసుకుంటూ ఉండే సాంచ.

"దీన్ని ప్రాణులల్ల రాయక్కా," అన్నాడు. "యంత్రమని రాస్తే వీళ్ళు ఇప్పి పంచుకుంటరు. గాడ ఎట్లాగూ అమ్ముతున్రు. గీడనన్న ఉండనీ."

"తింటదా?" అని అడిగాను.

"నూలు తింటది. ఇరవై ఏండ్ల సంది నా ఓపిక తింటది."

"పిల్లల్ని కంటదా మరి?"

అతను నవ్వలేదు. "దసరకు బొట్టు వెట్టి మొక్కుతం. కాలు తాకితే కండ్లకద్దుకుంటం. పానం లేనిదానికి గట్ల జేస్తమా?"

అప్పటికి ముప్పై జీవుల కాగితాలు చూశాను. నడుము లాగుతోంది. ఐదింటి బస్సు పోతే మళ్ళీ నిలబడి వెళ్ళాలి. బొట్టు పెట్టించుకోవడం జీవ లక్షణం కాదని, క్లాసులో చెప్పే గొంతుతోనే చెప్పి 'యంత్రం' అని రాసేశాను. అతను ఆ కాగితాన్ని తీసి యంత్రాల కట్టలో తనే పెట్టాడు. ఇంకొంచెం ఆలోచించి ఉంటే బాగుండేది. అలసిపోయినప్పుడు నాకు నియమాలంటే మహా ప్రేమ పుట్టుకొస్తుంది.

తర్వాతి ఆదివారం కథ ఆ గ్రహానికి చేరింది. మెట్‌పల్లిలో పసుపు వ్యాపారం చేసే మా నాలుగో మనిషి కాగితం చూశాడో లేదో, "యంత్రమే గదా, ఇప్పుదాం" అని పాచికలు విసిరాడు. పెద్ద అంకె పడింది, అంటే విప్పేసినట్టే.

నేను సిరిసిల్ల అతని ముఖం చూశాను. నాకు సిగ్గేసింది.

"ఆగున్రి," అన్నాను. "నేను తప్పు రాసిన. అది ప్రాణే." రబ్బరు కోసం సంచీ అంతా వెతుకుతున్నాను.

"వద్దక్కా, ఉండనీ," అన్నాడతను. వ్యాపారి వైపు తిరిగి, ఆ పని తెలిసినవాడిలా నెమ్మదిగా చెప్పాడు.

"ముందుగాల మోటరు తీయాలె. ఎన్క ఫ్రేము. ఒక్కరే పట్టుకుంటే కాలు మీద పడ్తది, ఇద్దరు పట్టున్రి. మొన్న బుధవారం షెడ్డుల గట్లనే ఇప్పినం. నేనే ఇప్పిన. పాత ఇనుపోళ్ళయితే సుత్తెలతోని కొడ్తరని."