దూడ కంటే ముందు అవ్వ కూర్చునేది

మా చిన్నప్పుడు... రోహిణి ఎండలు మాడ్చేస్తుండగానే మా అవ్వ దూడ కొట్టం విప్పేసేది. మా అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. మిరుగు వానలు... అదే మృగశిర వానలు... పడేలోపు పాత గోడలు పీకి కొత్తవి కట్టాలని ఆమె ఆరాటం.

పాలకుర్తి పక్కన చిన్న ఊరు మాది. ఇంట్లో ఒక్కటే బర్రె. దూడ పోతే బర్రె చేపదు, పాలు దిగవు... ఇక ఆ ఏడాదంతా మాకు మజ్జిగ చుక్క కూడా ఉండదు. అందుకే అవ్వకు మా ఇల్లు కురిసినా ఫరవాలేదు గానీ దూడ కొట్టం కురవకూడదు.

పైన తాటికమ్మలు... చుట్టూ కందికట్టెతో దడి, దాని మీద పేడమట్టి పూత... జల్లు కొట్టే వైపు యూరియా సంచులు విప్పి కుట్టిన పరదా. ఒక ఏడు మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, బద్ధకించి కందికట్టె బదులు జొన్న సొప్పతో గోడ కట్టాడు. వారం తిరగకుండానే మా దుడ్డె, ఆ ఏటి ఆడదూడ, పడమటి గోడ మొత్తం తినేసింది! అవ్వ కందికట్టె మోపు తెచ్చి బాపు ముందు పడేసి వెళ్లిపోయింది. బాపు ముఖం చూడాలి అప్పుడు...

గోడలు అయ్యాక అసలు పని మొదలయ్యేది. మిట్టమధ్యాహ్నం దూడ కంటే ముందు అవ్వ లోపలికి వెళ్లి కూర్చునేది. గోనెసంచి పరుచుకుని, దడికి వీపు ఆనించి...

"నేను కూసోలేని కాడ దూడ ఎట్ల ఉంటది? ఉక్కపోస్తుందని చెప్పనీకి దానికి నోరున్నదా?" అనేది.

ఆమె లోపల ఉన్నంతసేపు ఎవరూ పిలవకూడదు. పొద్దస్తమానం ఏదో ఒక పని పురమాయించే మా నాయనమ్మ కూడా అప్పుడు పిలిచేది కాదు. "కొట్టం సూస్తున్నది, జర ఊకోండ్రి" అని మమ్మల్నే కసిరేది.

దూడను కట్టేసిన తర్వాత కూడా అవ్వ చూడటం ఆపేది కాదు. గాలి మారిందని ఒకరోజు, ఎండ తిరిగిందని ఇంకోరోజు... మళ్లీ వెళ్లి కూర్చునేది. మేం కిసుక్కున నవ్వుకునేవాళ్లం.

ఇప్పుడు నాకూ ఓ బర్రెల షెడ్డు ఉంది, తొర్రూరు దగ్గర. నేనూ మా ఆయనా... పాలు, పేడ, గడ్డి, మళ్లీ పాలు. అలిసిపోయానని ఎవరితోనైనా అనడానికి కూడా ఓపిక మిగలదు.

పోయిన ఎండాకాలం దూడలకు వేరే గది కట్టించాం. పైనా, మూడు వైపులా రేకులే. తళతళా మెరుస్తుంటే మురిసిపోయాం... ఆ ఎండకు రెండు దూడలు పోయాయి. పశువుల డాక్టరు లోపలికి వచ్చి నిమిషం నిలబడి, "గాలి ఎటునుంచి రావాలమ్మా?" అన్నాడు. ఖాళీ గుంజలు చూడలేక చాలా రోజులు అటువైపే వెళ్లలేదు.

ఈసారి ఎండలు ముదరకముందే మా పెద్ద బర్రె ఈనింది. దుడ్డె... ఇదైనా దక్కాలని పక్క రేకులన్నీ పీకించాను.

తొర్రూరు దుకాణంలో రకరకాలు చూపించారు. సిమెంటు రేకు, ప్లాస్టిక్ రేకు, రంగు రేకు...

"అక్కా, గీ రంగు రేకు ఏసినవంటే ఇరవై ఏండ్లు సూసే పని లేదు" అన్నాడు దుకాణం అబ్బాయి.

"రేకు ఉంటది తమ్మీ... దూడ ఉండాలె గద" అన్నాను.

మా ఆయన ఫ్లెక్సీ కడదామన్నాడు. దూడ నాకి నాకి నమిలేస్తుంది, వద్దన్నాను. భూపాలపల్లిలో ఉండే మా మరిది పాత సామాన్ల దుకాణంలో బొగ్గుబాయిలో బొగ్గు మోసే రబ్బరు బెల్టు ముక్కలు కొని పంపించాడు. గోడకు కడితే ఎండకు రబ్బరు వాసన, తలపోటు. విప్పేసి దూడ కాళ్ల కింద పరిచాం... అక్కడ బాగా పనికొచ్చాయి. పైన కమ్మలు కప్పుదామంటే ఇప్పుడు కోతులు ఒక్క పూట ఉంచవు. చివరికి పైరేకు అలాగే ఉంచి, దానికి లోపలివైపు కమ్మలు కట్టించాను. పడమటి దిక్కు నడుమెత్తు కందికట్టె దడి, ఆ పైన గాలాడేలా పచ్చ నెట్టు.

పని అయిపోయిన రోజు మధ్యాహ్నం గోనెసంచి పరుచుకుని లోపల కూర్చున్నాను. కాసేపు చూద్దామనే... గాలి మెల్లగా ఆడుతోంది. కమ్మల వాసన. దడికి వీపు ఆనించాను. అంతే... ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

మా ఆయన వెతుక్కుంటూ వచ్చి లేపాడు. "ఏందే, గీడ పన్నవ్? పానం మంచిగలేదా?"

"కొట్టం సూస్తున్న" అన్నాను.

ఆ మాట అన్నాక గానీ నాకు తెలిసిరాలేదు... అవ్వ రోజూ ఎందుకు చూసేదో. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ పిలవని చోటు అదొక్కటే. ఏడుపొచ్చింది. ఎందుకో చెబితే మా ఆయనకు అర్థమవుతుందో లేదోనని కళ్లలో దుమ్ము పడిందన్నాను.

అవ్వ ఇప్పుడు లేదు. ఉంటే ఏమీ అడిగేదాన్ని కాదు, ఇంకో గోనెసంచి పరిచేదాన్ని.

దుడ్డె దక్కింది. ఎండలు దాటేసింది, కట్టు విప్పితే గంతులే గంతులు. నేను మాత్రం ఇప్పటికీ మధ్యాహ్నం వెళ్లి కొట్టం చూస్తూనే ఉన్నాను... కాకపోతే అవ్వ దగ్గర ఫోను లేదు. నన్ను ఇక్కడ కూడా పిలుస్తూనే ఉంటారు.

మీ అమ్మలు ఏ పని పేరు చెప్పి కాసేపు కూర్చునేవాళ్లో గుర్తుంటే రాయండి... దుడ్డె పక్కన కూర్చుని చదువుతాను, ఎవరో ఒకరు పిలిచేదాకా.