ఎక్కడికని అడగని రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గుమ్మం దాటబోతున్న మనిషిని ఎక్కడికని అడగడం చాలా పెద్ద తప్పు. మేముండేది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, నాన్న పనిచేసే ఆసుపత్రికి దగ్గర్లో ఒక ఫ్లాట్‌లో. అయినా గుంటూరు నుంచి తెచ్చుకున్న పట్టింపుల్లో అమ్మ ఒక్కటీ వదులుకోలేదు. నాన్న డ్యూటీకి బయల్దేరుతుంటే నేను నోరుజారి ఎక్కడికని అడిగానా, ఇక అంతే. ఆయన బూట్లు విప్పి లోపలికి రావాలి, కుర్చీలో కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, అప్పుడు మళ్ళీ కదలాలి. అవతల రోగి ఎంత ఆపదలో ఉన్నా సరే, ఆ గ్లాసెడు నీళ్ళు తప్పవు. నాన్న విసుక్కుంటూనే తాగేవాడు.

ఆ రోజుల్లో మా బాబాయి కూడా మాతోనే ఉండేవాడు. నాన్నకు తమ్ముడు, ఆయనా డాక్టరే. లీడ్స్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, త్వరలో వెళ్ళి చేరాలి. కార్న్‌ఫ్లేక్స్‌లో మజ్జిగ పోసుకుని ఆవకాయ బద్ద నంజుకు తినే మనిషి. నాచేత కూడా తినిపించి, అమ్మకు చెప్పొద్దని కన్ను గీటేవాడు. అమ్మ కాపురానికి వచ్చేనాటికి ఆయన ఇంకా బడికి వెళ్ళే పిల్లవాడట. అన్నం కలిపి పెట్టి పెంచింది కాబట్టి అమ్మకు ఆయన మరిది అనే లెక్క లేదు. నన్ను 'చిన్నా' అనేది, ఆయన్ని 'అబ్బాయ్' అనేది. ఆ పిలుపు ఇంకెవరికీ లేదు.

నాన్నతోపాటు పనిచేసే సర్జన్ గారి భార్యను పిల్లలందరం కొండల ఆంటీ అనేవాళ్ళం. బాటనీ చదువుకున్న మనిషి. ఆదివారాలు తెలుగు కుటుంబాల్ని పోగుచేసి, ఊరి బయట మూర్ మీదకు తీసుకెళ్ళేది. మూర్ అంటే చెట్లు లేని ఎత్తైన బీడు. గడ్డి, ఊదారంగు పూల పొదలు, అక్కడక్కడ బురద గుంటలు, నల్లటి రాళ్ళు. ఆంటీ మోకాళ్ళ మీద కూర్చుని మాకు నాచుమొక్కలు చూపిస్తుంటే, పెద్దవాళ్ళు పులిహోర డబ్బా ఎప్పుడు తెరుస్తారా అని చూసేవాళ్ళు.

కార్లు దిగగానే ఆంటీ ఒక పాఠం చెప్పేది. అందరి మెడలోనూ ఈల ఉండాలి. పొగమంచు వస్తే ఎక్కడివాళ్ళు అక్కడే ఆగి ఈల వెయ్యాలి. గుంపులోంచి పక్కకు వెళ్ళేవాళ్ళు ఎటు వెళ్తున్నారో తనకు చెప్పి వెళ్ళాలి. పెద్దవాళ్ళు ఈ పాఠాన్ని బస్సులో టికెట్ వెనకాల రాసినదాన్ని చదివినంత శ్రద్ధగా వినేవాళ్ళు. ఒక ఆదివారం బాబాయి తన ఈల తీసి నా మెడలోనే వేశాడు. రెండుంటే ఇంకా జోరుగా మోగుతుందన్నాడు.

భోజనాలు ఒక పెద్ద రాయి చాటున చేశాం. ఎండగానే ఉంది. బాబాయి చెయ్యి కడుక్కుని, కోటు దులుపుకుని లేచి, ఒక్కడే గట్టువైపు నడిచాడు. నేను నోరు తెరిచాను. సగం మాట బయటికి రాకముందే అమ్మ నా మోకాలి మీద గట్టిగా చెయ్యి వేసి నొక్కింది.

"వెళ్ళేవాళ్ళని అట్టా అడక్కూడదని ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు," అంది గొంతు తగ్గించి.

కొండల ఆంటీ మా పక్కనే ఫ్లాస్కులోంచి టీ పోస్తోంది. బాబాయిని చూసింది, అమ్మ చేతిని చూసింది. అడగబోయినట్టే ముఖం పైకెత్తింది కూడా. ఆవిడా అలాంటి ఇంట్లో పెరిగిన మనిషే. పైగా మగవాళ్ళు పక్కకు వెళ్తుంటే దేనికని ఏ ఆడమనిషి అడుగుతుంది? తల దించుకుని టీ పోస్తూ ఉండిపోయింది. బాబాయి ఒకసారి వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపి గట్టు దాటాడు.

పొగమంచు వచ్చేటప్పుడు చప్పుడు చెయ్యదు. ముందు దూరపు రాళ్ళు కనిపించకుండా పోయాయి, తర్వాత బాట, ఆ తర్వాత పక్కన కూర్చున్న వాళ్ళ ముఖాలు. ఆంటీ అందర్నీ దగ్గరికి చేర్చి ఈల వేసింది. నేను నా రెండు ఈలలూ ఊదాను. నాన్న బాబాయిని పేరు పెట్టి పిలుస్తూ అరుస్తూనే ఉన్నాడు. ఎటు వెళ్ళి వెతకాలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎటు వెళ్ళాడో ఎవరూ అడగలేదు. ఆంటీ మమ్మల్ని ఒకరి కోటు ఒకరు పట్టుకోమని చెప్పి, మెల్లగా కిందికి దింపింది. కొండల్లో తప్పిపోయినవాళ్ళను వెతికే మనుషులు కుక్కల్ని తీసుకుని పైకి వెళ్ళారు. మర్నాడు పొద్దున బాబాయి ఒక రాతి అంచు కింద శవమై దొరికాడు. మేము అన్నం తిన్నచోటికి అది అంత దూరం కూడా కాదు.

అమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పోలీసాయన మా ఫ్లాట్‌కు వచ్చి అడిగినప్పుడు నేను సోఫా పక్కన నిలబడి ఉన్నాను. అమ్మ చేతులు కొంగులో దాచుకుని కూర్చుంది. కొండల ఆంటీ ముందుకు వచ్చి, ఆయన వెళ్తుంటే చూశానని, ఎక్కడికని అడగలేదని, తీసుకెళ్ళిన మనిషిని కాబట్టి అడగాల్సింది తనేనని ఇంగ్లీషులో చెప్పింది. అదే మాట నాన్నకు తెలుగులో చెప్పింది. నా మోకాలి మీద పడిన చెయ్యి గురించి ఒక్క మాట కూడా అనలేదు. అమ్మ తల ఎత్తలేదు.

ఆ తర్వాత మనవాళ్ళు మాట్లాడిన మాటలు నేను విన్నాను. ఆవిడ కొండల పిచ్చి నిండు ప్రాణాన్ని పొట్టన పెట్టుకుందన్నారు. ఆదివారం నడకలు ఆగిపోయాయి. ఆవిడ ఎదురైతే పక్కకు తప్పుకున్నారు. నాన్న కూడా ఆ ఇంటికి వెళ్ళడం మానేశాడు. ఒక్క మాట చెబితే ఆవిడ మీద పడ్డ నింద సగమైనా తగ్గేది. ఆ మాట మా అమ్మ నోట్లో ఉంది, రాలేదు.

చివరికి వాళ్ళు స్విండన్ అనే దూరపు ఊరికి మారిపోయారు. వెళ్ళేముందు ఆంటీ మా ఇంటికి వచ్చింది. అమ్మ కాఫీ ఇచ్చింది కానీ ఎదురుగా కూర్చోలేదు. ఆంటీ లేచి కోటు వేసుకుని, గుమ్మం దగ్గర నా ముందు వంగింది.

"ఎక్కడికి ఆంటీ అని అడుగు నన్ను," అంది.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ వంటింటి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఆంటీ నా గడ్డం పట్టుకుని మళ్ళీ తన వైపు తిప్పుకుంది. అడిగాను.

"స్విండన్ వెళ్తున్నాం నాన్నా. రైల్లో. సాయంత్రానికల్లా చేరిపోతాం. చూశావా, అడిగితే ఏం కాలేదు. రేపట్నుంచి ఎవరు వెళ్తున్నా అడుగు. కోప్పడినా సరే, అడుగు."

అమ్మ వింటుందని తెలిసే ఆ మాట అంది. కానీ అమ్మను పొడవడానికి కాదు. అమ్మ చెయ్యి నా నోటి మీద జీవితమంతా ఉండిపోకూడదని అంది. ఇది అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు నేను లీడ్స్‌లో రిటైరైన జీపీని, అంటే ఫ్యామిలీ డాక్టర్ని. ఎం.ఎస్. చదవడానికి వచ్చిన మన పిల్లల్ని ఆదివారాలు మూర్ మీదకు తీసుకెళ్తుంటాను. మెడలో ఈలలు వేస్తాను, అదే పాఠం చెబుతాను, వాళ్ళు ఫోన్లు చూసుకుంటారు. ఎవరు లేచినా ఎక్కడికని అడుగుతాను. "టాయిలెట్‌కి పోవాలన్నా పర్మిషనేనా అంకుల్?" అని ఒక వరంగల్ పిల్లవాడు నవ్వాడు. అవునన్నాను. అందర్నీ క్షేమంగానే కిందికి దింపుతున్నాను. అందువల్ల నాకు మనశ్శాంతి ఏమైనా వచ్చిందా అంటే రాలేదు. అందరూ కార్లెక్కాక కూడా ఒక మనిషి తక్కువైనట్టే ఉంటుంది.

కొండల ఆంటీ స్విండన్‌లోనే పోయింది. ఆవిడకు చెప్పాల్సిన మాట చెప్పకుండానే అమ్మ ముసలిదైపోయింది. ఇప్పుడు మా ఇంటికి దగ్గర్లో ఉన్న కేర్ హోమ్‌లో ఉంటుంది. నన్ను గుర్తుపట్టదు. రోజూ వెళ్ళి కాసేపు కూర్చుని, లేచి కోటు వేసుకుంటాను. అప్పుడు అమ్మ కళ్ళు ఒక్కసారిగా బెదిరిపోతాయి. తన జన్మలో ఎవర్నీ అడగని మాట అడుగుతుంది.

"ఎక్కడికి అబ్బాయ్?"

నేను కోటు విప్పి మళ్ళీ కూర్చుంటాను. టేబుల్ మీద ఉన్న మంచినీళ్ళు తాగుతాను. ఆ రోజు నా నోట్లోంచి ఆ మాట పూర్తిగా వచ్చి ఉంటే బాబాయి కూడా ఇలాగే వెనక్కి వచ్చేవాడు. అమ్మ అలా వెళ్ళనిచ్చేదా మరి? పక్కన కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, అవి తాగేదాకా కదలనిచ్చేది కాదు. ఆ కాసేపట్లో పొగమంచు దిగేది, బాబాయి మా మధ్యలోనే ఉండేవాడు.

అమ్మ నా చెయ్యి పట్టుకుని జవాబు కోసం చూస్తూ ఉంటుంది. బాబాయి ఆ రోజు ఎక్కడికని బయల్దేరాడో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా కూర్చుని, ఆమె నిద్రలోకి జారుకున్నాక, ఏమీ చెప్పకుండానే బయటికి వస్తాను.