చిన్నాయన చేతి సిగరెట్

మా ముత్తాత రాఘవరావు, తాత నర్సింగరావు బషీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళకు దేశ్‌ముఖ్‌లు. జనం చెప్పులు చేతపట్టుకొని మా గడప ముందు నుంచి నడిచేవారు. ఆ ఇంటి వారసుణ్ణి నేను. ఈ ఉదయం వికారాబాద్‌లో మా వంటగదిలో గ్యాస్ వాసన తగలగానే కిటికీలు తెరిచి, సబ్బు నురుగు కలిపి సిలిండర్ మెడకు రాశాను. బుడగ రాలేదు. పొయ్యి మర సరిగా తిప్పలేదంతే. అయినా కిటికీలు మూయబుద్ధి కాలేదు. తాండూరు ఖాసిం సాబ్ గుర్తొచ్చాడు.

భూములు పోయాక, ఎనభైల మొదట్లో, ఆయన దుకాణంలో పనికి కుదిరాను. గ్యాస్ దీపాలకు వాడే చిన్న సిలిండర్లు బాగుచేసేవాడు. మూత దగ్గర కారితే వాషర్ మార్చేవాడు. డబ్బాకే చిల్లు పడితే మాత్రం అతుకు వేసేవాడు కాదు. మైదానంలో గ్యాస్ వదిలేసి, మళ్ళీ ఎవరూ నింపకుండా దాన్ని పాడుచేసేవాడు. మొదటిరోజు నేను సిలిండర్‌కు దూరంగా నిలబడటం చూసి, “భయమైతుందా చిన్న దొరా? మంచిదే. భయం లేనోన్ని నేను పనిల పెట్టుకోను” అన్నాడు. ఆ ‘చిన్న దొర’ వెక్కిరింతో మర్యాదో తెలియక చాలాకాలం మండిపడ్డాను.

ఒకనాడు మా చిన్నాయన బుసకొడుతున్న సిలిండర్ తెచ్చాడు. ఆ సాయంత్రం తన కొడుకును చూడటానికి ఆడపెళ్ళివారు వస్తున్నారు. ఊళ్ళో కరెంటును నమ్మలేం. వాకిట్లో గ్యాస్ దీపం వెలగాలి.

“జల్ది అతికియ్యి, ఖాసిం.” ఆయన వేళ్ళ మధ్య సిగరెట్ వెలుగుతోంది.

ఖాసిం సాబ్ అడుగున సబ్బు రాశాడు. తుప్పు తిన్నచోట నురుగు ఉబ్బింది. “ఇది అతికేది కాదు దొరా. జర ఆ సిగరెట్ బైట పారెయ్యుండ్రి.”

“మాకు ఆర్పుమని చెప్పెటోడు ఇంకా పుట్టలె.”

ఖాసిం సాబ్ నా వైపు తిరిగాడు. గొంతు తగ్గింది. “గ్యాస్ కింద నేల మీద పాకుతున్నది. నా మాట వినడు. నువ్వు చెప్పు.”

 చిన్నాయన కళ్ళలోకి చూడకుండా ఆ సిగరెట్ లాక్కొని, రోడ్డు దాటి పరుగెత్తి, ఎడ్ల తొట్టి నీళ్ళలో ముంచాను. తిరిగొచ్చేసరికి ఖాసిం సాబ్ సిలిండర్‌తో మైదానం వైపు పోతున్నాడు.

“పనోని మాట విని నా చేతిలది గుంజుకుంటవా?” అన్నాడు చిన్నాయన.

కొంతసేపటికి ఖాసిం సాబ్ చెమటతో వచ్చి, “ఈ పూటకు నా దుకాణం దీపం తీస్కపోండ్రి దొరా” అన్నాడు.

“మా వాకిట్ల నీ దీపమా?”

చిన్నాయన నాతో మళ్ళీ మాట్లాడలేదు. ఖాసిం సాబ్ పోయి చాలా ఏళ్ళయింది. భయపడినందుకు నేనిప్పుడు సిగ్గుపడను. ఖాసిం సాబ్ దీపం వద్దన్న ఆ మధ్యాహ్నమే చిన్నాయన తాండూరు బజారులో తాతగారి కెంపు ఉంగరం అమ్మి, కొత్త దీపం, కొత్త సిలిండర్ కొనుక్కొని ఊరికి పోయాడు.